పొద్దుగాల ఫోన్ చేసే పిల్ల

కంపెనీ పెట్టినం గని, ఆ కంపెనీ ఏం పని చేస్తదో మాకే తెల్వకుండె. నవ్వకుండ్రి, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. కామారెడ్డిల పిండి గిర్ని మీది అర్ర కిరాయికి తీసుకున్నం. రెండు కంప్యూటర్లు పెట్టినం, గోడకు తెల్ల బోర్డు కొట్టినం, గుమ్మానికి మామిడాకులు కట్టి కొబ్బరికాయ గూడ కొట్టినం. మేమంటే నేను, మా వదిన. వదిన మా అన్న భార్య. అంతకంటె ముందు మా మేనత్త బిడ్డ. చిన్నప్పటి సంది నా జడ గుంజిన మనిషి, ఇప్పుడు నా కంపెనీల సగం. నేను హైదరాబాదుల కంప్యూటర్ నౌకరి ఇడిసిపెట్టి వచ్చిన. ఆమె ప్రైవేటు బడిల తెలుగు టీచరు నౌకరి ఇడిసిపెట్టి వచ్చింది.

"ఏఐ అంటే ఏందో నాకు సక్కగ చెప్పుండ్రి," అని మా అన్న ఒకనాడు అన్నం తినుకుంట అడిగిండు.

"మనిషి లెక్క మాట్లాడే మిషినన్నా," అన్న నేను.

వదిన చారు పోసుకుంట, "మాట్లాడేటోళ్ళు ఈ ఇంట్ల మస్తుగున్నరు. మనిషి లెక్క ఇనే మిషిన్ ఉంటే చెప్పు, మీ అన్న జాగల పెట్టుకుంట," అన్నది. అందరం నవ్వినం. అప్పుడు అది ఉత్త పరాచికమే.

మేం కంపెనీ పెట్టినమని తెలిసినంక ఐడియాలకు కరువు లేకుండె. మెట్లెక్కొచ్చిన ప్రతి మనిషి ఒకటి చెప్పి పోతుండె. కింద గిర్ని అన్నదైతే రోజుకొకటి. "చెల్లె, మక్కజొన్నలు ఫోటో తీస్తే తేమ ఎంతుందో చెప్పే మిషిన్ చెయ్యి. మార్కెట్ల రోజు అదే కొట్లాట," అన్నడు. మంచి ఐడియానే. చేసి చూసినం. ఎండిన మక్కలు చూపిచ్చినా, నీళ్ళల్ల నానబెట్టినయి చూపిచ్చినా మా మిషిన్ "బాగున్నాయి" అనే చెప్పింది. దానికంటె మా గిర్ని అన్న పండ్ల కింద ఒక గింజ కొరికి చెప్పుడే నయం.

నాకేమో మక్క ఆకు ఫోటో చూసి రోగం చెప్పేది చెయ్యాలని ఉండె. లింగంపేట దిక్కు ఒక రైతుకు చూపిస్తే ఆయన ఓపికగ చూసి, "మంచిగనే ఉంది బిడ్డా. గని మా మందుల దుకాణపాయన గూడ ఆకు చూసి రోగం చెప్తడు, మీదికెల్లి చాయ్ తాపుతడు. మీది తాపుతదా?" అన్నడు. నాకు కోపం ముక్కు మీదుంటది. ఫోన్ జేబుల ఏసుకొని బస్సెక్కిన.

ఇగ మా అన్న ఐడియా ఇనుండ్రి. పెండ్లి పిలుపులు మిషిన్‌తోని చేపియ్యాలెనంట. చుట్టాలందరికి ఫోన్ చేసి, బావను బావ అని, చిన్నమ్మను చిన్నమ్మ అని వరుస పెట్టి పిలుస్తదంట. వదిన నెత్తి కొట్టుకున్నది. "బొట్టు పెట్టి పిలువకపోతేనే మన చుట్టాలు అలుగుతరు. మిషిన్‌తోని పిలిస్తే పెండ్లికి కాదు, కొట్టనీకి వస్తరు," అన్నది. అట్ల అది పోయింది.

అసలు ఐడియా మేనత్త ఇంట్ల దొరికింది.

మా అత్త ఊరు లింగంపేట దాటినంక ఉంటది. మామ కాలం చేసి చాన ఏండ్లయింది. అయినా ఆ ఇంట్ల ఆమె ఒక్కతే ఉన్నదనుకుంటే మీ పొరపాటు. వాకిట్ల తెల్లారంగనే వాడకట్టు ఆడోళ్ళంత చాటలు పట్టుకొని వచ్చి కూసుంటరు. తునికాకు కత్తిరిచ్చుడు, తంబాకు పోసుడు, బీడీ చుట్టుడు, దారం కట్టుడు. చేతులు ఆగయి, నోర్లు అసలే ఆగయి. నడుమ మా అత్త రాణి లెక్క కూసుంటది. ఎవ్వల ఇంట్ల ఏం కూర వండిండ్రో కాడికెల్లి ఎవ్వల కోడలు ఎందుకు అలిగిందో దాక అన్ని ఆమెకు తెలుసు.

ఒక ఆదివారం నేను, వదిన పోయినం. కంపెనీ సంగతి చెప్పినం. అత్త బీడీ చుట్టుకుంట ఇన్నది. "అంటే, పందిరేసిండ్రు, బాజాలు మాట్లాడిండ్రు, ఇగ పిల్లగాన్ని దేవులాడుతున్నరన్నట్టు," అన్నది. వాకిలంత నవ్వింది.

"నువ్వే చెప్పరాదు మరి, ఏం చెయ్యాలెనో!" అన్న నేను, మంట మీద.

"నన్నడుగుతె చెప్తనే కోడలా." మేనకోడలిని కదా, నన్ను ముద్దొస్తే కోడలా అంటది. "నాకు బీపీ గోలి, షుగరు గోలి ఎల్లారెడ్డి డాక్టరు రాసిండు. అవి ఎల్లారెడ్డిలనే దొరుకుతయి. ఇగ ఒక్కోపారి ఇంట్ల ఉండయి, తెచ్చేటోడు దొరకడు, నాలుగు దినాలు ఏసుకోను. గీ అందరిది అదే కథ. పొద్దుగాల ఎవ్వలన్న ఫోన్ చేసి, తిన్నవా, గోలీలు ఉన్నయా అని అడిగి, లేకుంటె పంపిస్తే మంచిగుండు. నీ మిషిన్ అడుగుతదా?"

"నేను రోజు ఫోన్ చేస్తలేనా అమ్మా?" అన్నది వదిన, రోషంగ.

"చేస్తవు. చేసి, నీ కొడుకు బువ్వ తింటలేడు అని నువ్వే నాకు చెప్తవు."

మళ్ళ నవ్వులు. గని వదిన నా దిక్కు చూసింది, నేను వదిన దిక్కు చూసిన. బస్సుల వచ్చేటప్పుడు ఇద్దరం ఒకల మాట ఒకలకు ఇనకుండ మాట్లాడుకున్నం. పొద్దుగాల మిషిన్ ఫోన్ చేస్తది. ఎవ్వల దగ్గర గోలీలు అయిపోయినయో రాసుకుంటది. ఆ లెక్క ఎల్లారెడ్డి మెడికల్ షాపుకు పోతది. షాపాయన గోలీలు కట్టి ఆ ఊరి బస్సుకో ఆటోకో ఇస్తడు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నరు కదా, మా అత్త వాకిట్లనే మొదలుపెడదామనుకున్నం.

ఎల్లారెడ్డి మెడికల్ షాపన్న మంచి మనిషి. "మీ మిషిన్ చెప్తే నేను పంపుత, నాకేంది?" అన్నడు. వాడకట్టుల అందరి డాక్టరు చీటీలు చూసి మొదటి నెలకు గోలీలు ఒకేపారి పంపిండు.

మిషిన్‌కు ఆడపిల్ల గొంతు పెట్టినం. మొదట్ల అది అత్తను "అవ్వగారూ" అని పిలిచింది. "అవ్వ ఎవ్వలే? నేను నీకు ముసల్దాని లెక్క ఇనబడుతున్ననా?" అని అత్త ఫోన్‌లనే దాన్ని తిట్టింది. పెద్దమ్మ అని మార్చినంక శాంతించింది. "మాట టీవీ వార్తల పిల్ల లెక్కుంది గని, మర్యాదస్తురాలు," అన్నది. ఆ దినం సంది మా మిషిన్‌కు ఆ వాకిట్ల "పొద్దుగాల పిల్ల" అని పేరు పడ్డది.

మొదటి వారంల ఒక తమాషా అయింది. మన అలవాటు మీకు తెలుసు కదా, ఫోన్ పెట్టేటప్పుడు "ఉంట మరి" అంటం. మా అత్త గూడ, "సరే ఉంట బిడ్డా," అని ఫోన్ చాట పక్కకు పెట్టేసింది, కట్ చెయ్యకుండ. మిషిన్ ఏమనుకోవాలె? ఉంట అన్నది కదా, ఉన్నది అనుకున్నది. "సరే పెద్దమ్మా, నేను కూడా ఉంటాను," అని అది గూడ లైన్ల అట్లనే కూసున్నది. తర్వాత ఆ రికార్డు పెట్టుకొని ఇంటే వాకిట్ల ముచ్చట్లన్ని పడ్డయి. నా ముక్కు మీది కోపం గురించి గూడ పడ్డయి. ఎవ్వరో "ఆ పిల్లతోని మీ బిడ్డ ఎట్ల ఏగుతదో" అంటే, మా అత్త "కోపం పైపైనే. లోపల ఎన్నపూస," అన్నది. నేను ఆ ముక్క మళ్ళ మళ్ళ ఇన్న. వదినకు చెప్పలే.

"మనోళ్ళు పోయేటప్పుడు వస్త అంటరు, ఫోన్ పెట్టేటప్పుడు ఉంట అంటరు. పోత అనే మాట మంచిది కాదని నోట్లకు రానియ్యరు. పాపం, మిషిన్‌కు ఎట్ల తెలుస్తది?" అని వదిన నవ్వుకుంట మిషిన్‌కు ఆ రెండు మాటలు నేర్పింది. ఆ తర్వాత అత్త "ఉంట బిడ్డా" అంటే అది "మంచిది పెద్దమ్మా" అని కట్ చేస్తుండె. ఇగ మాటల సంగతి ఒడిసిందనుకున్నం. రికార్డులు ఇనుడు బంద్ పెట్టి కంప్యూటర్ తెర మీద రంగులు చూసుడు షురూ చేసినం. గోలీలు ఉన్నోళ్ళ పేరు పక్కన పచ్చ చుక్క, లేనోళ్ళ పక్కన ఎర్ర చుక్క.

నెల దాటింది. తెరంత పచ్చగ ఉండె. ఒక్క ఎర్ర చుక్క లేదు. మా సంబురం చూడాలె! కొత్త కంపెనీలల్ల పైసలు పెట్టేటోళ్ళు హైదరాబాదు నుంచి వచ్చిండ్రు. తెర చూపిస్తే వాళ్ళు గూడ తలలు ఊపిండ్రు. వాళ్ళు పోయినంక గిర్ని అన్నతోని కలిసి మిర్చి బజ్జీలు తెప్పిచ్చుకొని తిన్నం. వదిన తన మిర్చిల సగం నాకు పెట్టింది. మిర్చి ఇంకొకలకు పెట్టే రకం కాదు ఆమె. అంత ఖుషిగున్నం.

అదే వారం మెడికల్ షాపన్న ఫోన్ చేసిండు. "ఏం చెల్లె, మీ మిషిన్ పెట్టిన కాడికెల్లి నాకొక్క పేరు గూడ వస్తలేదు. మంచిగనే పని చేస్తున్నదా?"

"అందరి దగ్గర గోలీలు ఉన్నయన్నా. ఉన్నోళ్ళకు పంపుతవా ఏంది?" అని గయ్యిమన్న.

"అది కాదు చెల్లె, మొదటి నెలవి ఒడిసే టైమ్ అయింది కదా..."

"తెర మీద పచ్చగుంది. నేనేమన్న అబద్ధం చెప్తున్ననా?" అని పెట్టేసిన. ఉంట అని గూడ అనలే.

రెండు దినాలైనంక పొద్దుగాలనే అత్త పక్కింటామె ఫోన్ చేసింది. అత్త చాట ముందట కూసున్నది కూసున్నట్టే ఒరిగిపోయిందంట. ఆటోల ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు తీసుకపోతున్నరంట. వదిన చేతుల చాయ్ గిలాస ఉండె. అది కింద పెట్టుడు గూడ మరిచి, గిలాసతోనే మెట్లు దిగింది. గిర్ని అన్న ఆమె చేతుల నుంచి గిలాస తీసుకొని మమ్మల్ని ఆటో ఎక్కిచ్చిండు. తొవ్వ పొడుగున వదిన పక్కింటామెకు ఫోన్ కలుపుతనే ఉన్నది. నేను మాత్రం దేవుళ్ళందరికి మొక్కుకుంట పోయిన.

అత్త మంచం మీద సెలైన్ పెట్టుకొని పండుకున్నది. కండ్లు మూసుకున్నది. ఆమె చేతులు కదలకుండ ఉండుడు నేను ఎన్నడు చూడలే. డాక్టరమ్మ, "బీపీ, షుగరు రెండు బాగ పెరిగినయి. ఇంకొంచెం ఆలస్యమైతే పక్షవాతం వస్తుండె. గోలీలు ఎందుకు బంద్ పెట్టింది?" అని అడిగింది.

"బంద్ పెట్టలే మేడం. మాకు రోజు లెక్క వస్తది," అని వదిన తన ఫోన్ తీసి చూపిచ్చింది. అత్త పేరు పక్కన పచ్చ చుక్క మెరుస్తున్నది. డాక్టరమ్మ ఆ చుక్కను చూసింది, మంచం మీది మనిషిని చూసింది. సూది మందు రాసి పక్క మంచం కాడికి పోయింది.

తెల్లారి అత్త లేచి కూసొని ఇడ్లి తిన్నది. ఆ ఇడ్లి చూసి నా పానం నాకొచ్చింది. పానం రాంగనే కోపం గూడ వచ్చింది. "గోలీలు లేకపోతే చెప్పనీకి ఏమైంది నీకు? అడగందే అమ్మైనా పెట్టదంటరు. మేం రోజు అడుగుతనే ఉంటిమి, చెప్తె నీ సొమ్మేం పోయింది?" అన్న.

"చెప్పలేదా నేను?" అత్త కండ్లు పెద్దగ చేసింది. "వారం దినాల సంది రోజు చెప్తున్న. నిండుకున్నయి బిడ్డా, నిండుకున్నయి అని. చెప్పినప్పుడల్ల ఆ పిల్ల, చాలా సంతోషం పెద్దమ్మా అంటది! నా గోలీలు నిండుకుంటే నీకు సంతోషమేందే అని ఒకనాడు తిట్టిన గూడ."

నేను నమ్మలే. వదిన నమ్మలే. అంతట్ల దిండు కింద అత్త ఫోన్ మోగింది. పొద్దుగాల పిల్ల టైముకు తప్పది. "ఇగో, చెయ్యనే చేసింది. మీరే ఇనుండ్రి," అని అత్త స్పీకరు పెట్టిపిచ్చింది.

"నమస్కారం పెద్దమ్మా. తిన్నారా? గోలీలు ఉన్నాయా?"

"గోలీలు నిండుకున్నయి బిడ్డా," అన్నది అత్త, మా దిక్కే చూసుకుంట.

"చాలా సంతోషం పెద్దమ్మా. మరిచిపోకుండా వేసుకోండి."

"ఇన్నరా?" అన్నది అత్త.

బియ్యం అయిపోతే మన పెద్దోళ్ళు అయిపోయినయి అంటరా? లేవు అంటరా? ఇంట్ల లేదు అనే మాట అనొద్దని నిండుకున్నయి అంటరు. దీపం ఆరితె కొండెక్కింది అంటరు. ఆ ముక్క పుట్టిన కాడికెల్లి ఇంటున్నం. ఇని ఇని అలవాటైపోయి, మిషిన్‌కు నేర్పాలెనని మా ఇద్దరిల ఒక్కలకు తట్టలే. అదేమో నిండుకున్నయి అంటే డబ్బా నిండుగున్నదనుకొని పచ్చ చుక్క పెట్టుకుంట పోయింది. తెరంత పచ్చగున్నదంటే వాడకట్టు మొత్తం గోలీలు లేకుండ ఉన్నదన్నట్టు!

అత్త చేతుల నుంచి ఫోన్ గుంజుకొని కట్ చేసి వరండలకు పోయిన. కట్ చేసిన ఫోన్‌ను పట్టుకొని నోటికొచ్చినట్టు తిట్టిన. అత్త మీది కోపం దుత్త మీద చూపిచ్చుడంటే ఇదే. అక్కడ కూసున్న ఒక ముసలాయన, "ఎవ్వలు బిడ్డా, అత్తగారింటోళ్ళా?" అని జాలిగ అడిగిండు. ఏం చెప్పాలె? అవును బాపు అన్న.

లోపలికి పోతె అత్త నా మీద గుస్స చేసింది. "ఉంట అనకముందే పెట్టేస్తివి. ఆ పిల్ల ఏమనుకుంటది?"

"ఆ పిల్ల సంగతి ఇడిసిపెట్టు," అన్నది వదిన. "పొద్దుమూకి నేను ఫోన్ చేస్తుంటి కదా. నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తె నువ్వు పోయి ఈ కోడలితోని కొట్లాడుతవు. పక్కింటామె గూడ ఎల్లారెడ్డి పోతున్న, తెస్త అన్నది. వద్దన్న. మా పిల్లల మిషిన్ పంపుతదని వాడకట్టంత చెప్పుకున్న కదనే. నేనే వేరే దిక్కుకెల్లి తెప్పిచ్చుకుంటె మీ పేరు ఏముంటది? కొత్త పిల్ల, నేర్చుకుంటున్నది, ఇయ్యాల కాకుంటె రేపన్న సమజైతదనుకున్న."

మా పేరు కోసం ఆమె గోలీలు లేకుండ ఎదురుచూసింది. నాకు కండ్లల్ల నీళ్ళు ఆగలే. వదిన మాత్రం ఏడువలే. అత్త చెద్దరు సర్ది, నా దిక్కు చూడకుండ బయటికి పోయింది.

ఆ దినమంత దవాఖాన మెట్ల మీద కూసొని వాడకట్టుల ఒక్కొక్కలకు నా నోటితోని ఫోన్ చేసిన. కొందరు తెప్పిచ్చుకున్నరు, కొందరు మా మిషిన్ మీద నమ్మకంతోని ఆగిండ్రు. నేను గయ్యిమని కసురుకున్న మెడికల్ షాపన్న ఒక్క మాట గూడ ఎత్తిపొడువలే. దుకాణం తమ్మునికి అప్పజెప్పి, గోలీలు సంచిల ఏసుకొని బండి మీద ఊరికి పోయిండు. మిషిన్‌ను ఆ పొద్దే బంద్ పెట్టిన.

అత్త ఇంటికి వచ్చినంక వదిన అక్కడనే ఉండిపోయింది. నేను ఫోన్ చేస్తే ఆ, ఊ అంటుండె. ఒకనాడు ఉండబట్టక పోయిన. వదిన వాకిట్ల అమ్మ పక్కన కూసొని తునికాకు కత్తిరిస్తున్నది. తల ఎత్తకుండనే, "కంపెనీ మూసేద్దాం," అన్నది.

"వదినా..."

"తెలుగు టీచరును నేను. నిండుకొనుట అంటే అయిపోవుట అని బోర్డు మీద రాసి పిల్లలతోని చదివిపిచ్చిన. మా అమ్మ రోజు అదే మాట చెప్తుంటె నేను చుక్క చూసుకుంట మిర్చీలు తిన్న. వద్దు. మా అమ్మ పానం మీదికి తెచ్చిన మిషిన్ నాకొద్దు."

కంపెనీ పోతే పోనీ. వదిన పోతున్నదని భయమైంది. ఇంత వయసొచ్చినా, అలిగిన వదినను ఎట్ల మంచిగ చేసుకోవాలెనో నాకు తెల్వది. చిన్నప్పుడైతే అత్తే ఇద్దరికి చెరొక బెల్లం ముక్క ఇచ్చి కూసోబెడుతుండె. ఇప్పుడు గూడ ఆమె దిక్కే చూసిన.

"అత్తా, నీ కాల్మొక్కుత. ఇగ నుంచి అయిపోయినయి అని చెప్పు. ఆ ఒక్క మాట దానికి తెలుసు. అంతే చాలు," అన్న.

అత్త చేతులు ఆగినయి. "నేను అననే కోడలా."

"ఎందుకనవు?"

"మీ మామను గదే దవాఖానల పండవెట్టినం. తెల్లారంగ డాక్టరు వచ్చి చెయ్యి పట్టి చూసి, అయిపోయిందమ్మా అన్నడు. ఆ దినం సంది ఉప్పు గాని, పప్పు గాని, ఏది నిండుకున్నా ఈ ఇంట్ల ఆ మాట నా నోట్లకు రాలే. నా పానం పోయినా రాదు. మిషిన్‌ది ఏముందే, అది నేర్చుకుంటది. నేను ఈ వయసుల ఏం నేర్చుకుంట?"

ఈ సంగతి వదినకు గూడ తెల్వదని ఆమె మొఖం చూస్తే సమజైంది. వదిన కత్తెర చాటల పెట్టింది. కొంగుతోని మొఖం తుడుచుకున్నది. నా దిక్కు తిరిగి, "ఏం చూస్తున్నవే? తియ్యి నీ లాప్‌టాప్," అన్నది. తిట్టినట్టే అన్నది. నాకు బెల్లం ముక్క దొరికినంత సంతోషమైంది.

ఆ దినం బీడీలు తక్కువైనయి, మాటలు ఎక్కువైనయి. ఒక్కొక్కలు ఒక్కోటి చెప్తుంటె వదిన రికార్డు చేసుకున్నది. "మా అత్తగారింట్ల పుస్తెలతాడు తెగితె పెరిగింది అంటరు," అన్నదొకామె. "అట్లయితే నీ మిషిన్ బంగారం పెరిగిందనుకుంటది," అన్నదింకొకామె. పడుసు కోడండ్లు ఒడిసినయి అంటరు, మిషిన్‌కు అది గూడ తెల్వకుండె. గని మాటలు నేర్పుడొక్కటే సరిపోదని ఈపారి సమజైంది. మనోళ్ళ నోట్ల ఇంక ఎన్ని ఉన్నయో ఎవ్వలకెరుక? అందుకని, మాట తేటగ లేకుంటె మిషిన్ మళ్ళ అడగాలె, "పంపమంటారా?" అని. దానిమీదికెల్లి, ప్రతి ఫోన్ మా ఇద్దరిల ఒకలు చెవులతోని ఇనాలె. చుక్కలు తీసేసినం. ఇట్లయితే కంపెనీ పెద్దగ కాదని హైదరాబాదోళ్ళు అన్నరు. కాకపోతే కాకపాయె అన్నది వదిన.

మొన్న పొద్దుగాల ఇద్దరం గిర్ని మీది అర్రల కూసొని ఇంటున్నం. కింద గిర్ని షురూ కాలేదు. పొద్దుగాల పిల్ల అత్తకు ఫోన్ చేసింది. మా మాట అటు ఇనబడది, వాళ్ళ మాట మాకు ఇనబడతది.

"నమస్కారం పెద్దమ్మా. తిన్నారా? గోలీలు ఉన్నాయా?"

"తిన్న. గోలీలు నిండుకున్నయి బిడ్డా."

వదిన నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఆమె గోర్లు దిగినా నేను గుంజుకోలే.

"అయ్యో, నిండుకున్నాయా పెద్దమ్మా? ఇవ్వాళ బస్సుకే పంపిస్తాం."

అటు పక్కకెల్లి అత్త నవ్వు ఇనబడ్డది. "ఇన్ని దినాలకు సమజైందానే నీకు! ఏయ్, ఇనుండ్రే, పొద్దుగాల పిల్లకు సమజైంది!" అని వాకిలంత చెప్పింది. చెప్పి, మళ్ళ ఫోన్ దగ్గరికి వచ్చింది. "మరి నువ్వు తిన్నవా బిడ్డా?"

దానికి ఏం చెప్పాలెనో మేం నేర్పలే. "మీరు తిన్నారు కదా పెద్దమ్మా, అదే చాలు," అన్నది అది, ఎక్కడ నేర్చుకున్నదో.

"సరే మరి. ఉంట బిడ్డా," అన్నది అత్త.

వదిన స్పీకరు మీదికి వంగింది. అటు ఇనబడదని ఆమెకు తెలుసు.

"ఉండవే అమ్మా," అన్నది. "ఉండు."